రెండు పడవలు, ఒకే చుక్క

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు జెట్టీలకు కట్టేసి ఉంటాయి. గడువు తీరగానే ఐసు, డీజిలు, వలలు, వంట సరుకులు ఎక్కించుకుని, గంగమ్మకు మొక్కి, వందల బోట్లు ఇంచుమించు ఒకే సమయానికి బయల్దేరతాయి. బయటికి పోయే దారి ఇరుకు. దాదాపు ఒకే వేగంతో, ఒకే దిక్కుకు, ఒకదాని పక్కన ఒకటిగా సాగుతాయి. కొంచెం అవతల బొగ్గు, ముడిచమురు, కంటైనర్లు మోసుకొచ్చిన పెద్ద ఓడలు రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఉంటాయి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం కూడా ఈ ఊళ్ళోనే ఉంది కనుక వాటి మధ్య యుద్ధనౌకల రాకపోకలూ తప్పవు.

ఒడ్డున రాడార్ తెర ముందు కూర్చున్నవారికి ఇదంతా చుక్కల గుంపు. ఏ చుక్కకూ పేరుండదు. నిమిషానికి 24 సార్లు తిరిగే రాడార్ అయితే రెండున్నర సెకన్లకు ఒకసారి ‘ఫలానా దిక్కున, ఇంత దూరంలో ఏదో ఉంది’ అని కొన్ని చుక్కలు చూపిస్తుంది. మళ్ళీ తిరిగేసరికి మరికొన్ని చుక్కలు. మొదటి గుంపులోని ఏ చుక్క రెండో గుంపులో ఏ చుక్క అయిందో రాడార్ చెప్పదు. ఒక బోటు ప్రయాణాన్ని గీతగా గీయాలంటే చుక్కలను సరిగ్గా జతపరచాలి. బోట్లు ఎడంగా ఉన్నంతసేపూ ఇది పెద్ద పనేం కాదు. దగ్గరైనప్పుడే చిక్కు. ఈ చిక్కును విప్పడానికి గణాంకశాస్త్రం అరవై ఏళ్ళుగా పాటుపడుతోంది. ఆ కృషికి ఆధారమైన రెండు ఫలితాలు తెలుగువాళ్ళవి. వాటిలో ఒకదాని కర్త విశాఖలోనే చదువుకున్నాడు.

ముందు చుక్క సంగతి చూద్దాం. రాడార్ కిరణం సన్నని గీత కాదు, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటుంది. కిరణం వెడల్పు ఒక డిగ్రీ అనుకుంటే పది కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 175 మీటర్లు. అక్కడ వంద మీటర్ల ఎడంతో పక్కపక్కనే పోతున్న రెండు బోట్లు తెర మీద ఒకే చుక్కగా కనిపిస్తాయి. ఒకదాని వెనక ఒకటి ఉంటే పరిస్థితి చాలా మెరుగు. మైక్రోసెకనులో పదో వంతు ఉండే రాడార్ తరంగం 15 మీటర్ల దూరభేదాన్ని కూడా విడదీయగలదు. అంటే అవే రెండు బోట్లు దిశ మార్చుకుంటే కాసేపు ఒకటిగా, కాసేపు రెండుగా కనిపిస్తాయి. పైగా అలల వల్ల పుట్టే తప్పుడు చుక్కలు ఉంటాయి. అల చాటున పడి ఒక తిప్పులో అసలు కనిపించని బోట్లు ఉంటాయి. చుక్కల సంఖ్యకూ బోట్ల సంఖ్యకూ పొంతన ఉండదన్న మాట.

ఇక ఒక్క బోటే ఉందనుకుందాం. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు రెండున్నర సెకన్లలో కదిలేది సుమారు పది మీటర్లు. రాడార్ కొలతలో దోషమే 40 మీటర్లు ఉండవచ్చు. కదలిక కన్నా కొలతలో తప్పు పెద్దది. అందుకని చుక్క చెప్పినదాన్ని యథాతథంగా నమ్మకూడదు. బోటు ఇంతవరకు వచ్చిన తీరును బట్టి ఇప్పుడు ఎక్కడ ఉండాలో ముందే అంచనా కట్టి, ఆ అంచనానూ చుక్కనూ కలపాలి. ఏది ఎంత నమ్మదగినదో దానికి అంత బరువు ఇవ్వాలి. అంచనాలో దోషం 20 మీటర్లు, రాడార్ దోషం 40 మీటర్లు అయితే చుక్కకు ఐదో వంతు బరువు, అంచనాకు మిగిలిన నాలుగు వంతులు. రెండూ కలిశాక మిగిలే దోషం సుమారు 18 మీటర్లు. విడివిడిగా రెండింటికన్నా తక్కువే. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రకటించిన పద్ధతి ఇదే. దాన్ని కాల్మన్ ఫిల్టర్ అంటారు.

ఆ 18ని ఇంకా తగ్గించలేమా? తెలివైన పద్ధతి ఏదైనా కనిపెడితే 10 మీటర్లకు రాదా? రాదు. అలా రాదని రుజువు చేసినవాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచమంతా సి.ఆర్. రావుగా ఎరిగిన ఆయన 1920లో హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టాడు. గూడూరు, నూజివీడు, నందిగామ బళ్ళు దాటి విశాఖ చేరాడు. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశాడు. 1941లో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ పాఠం చెబుతుండగా వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. లెక్కలేనన్ని కొలతలు ఉన్నప్పుడు గణాంకవేత్త ఫిషర్ చెప్పిన కచ్చితత్వపు హద్దు కొద్దిపాటి కొలతలకు కూడా వర్తిస్తుందా అని. ఆ రాత్రి కూర్చుని రావు జవాబు సాధించాడు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అది అచ్చయింది. మరుసటి ఏడు స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామర్ పుస్తకంలోనూ అదే ఫలితం రావడంతో క్రామర్–రావు హద్దు అనే పేరు స్థిరపడింది.

ఆ హద్దు చెప్పేది ఇది: కొలతల్లో ఎంత సమాచారం ఉందో లెక్క కట్టవచ్చు, ఆ సమాచారం అనుమతించేదానికన్నా తక్కువ దోషం ఏ నిష్పక్షపాత పద్ధతికీ సాధ్యం కాదు. మన ఉదాహరణలో రెండు సమాచారాలను కూడి చూస్తే సరిగ్గా ఆ 18 మీటర్లే వస్తాయి. బోటు సూటిగా పోతూ, దోషాలు మామూలు గంట ఆకారపు వక్రరేఖను అనుసరిస్తే కాల్మన్ ఫిల్టర్ ఆ హద్దును అందుకుంటుంది. ఈరోజు ప్రపంచంలో ఎక్కడ కొత్త ట్రాకింగ్ పద్ధతి కనిపెట్టినా, అది ఎంత బాగుందో చూడటానికి రావు హద్దు పక్కన పెట్టి కొలుస్తారు. 2023లో ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చినప్పుడు ప్రస్తావించిన పని 1945 నాటి ఆ వ్యాసమే. అదే ఏడు ఆగస్టులో, నూట మూడో పుట్టినరోజు ముంగిట ఆయన కన్నుమూశాడు.

జత కుదర్చడం

ఇప్పుడు రెండో బోటును తీసుకురండి. లెక్క సులువుగా ఉండేందుకు ఒక సరళరేఖ మీద చూద్దాం. మొదటి బోటు ఇప్పుడు 0 మీటర్ల దగ్గర, రెండోది 60 మీటర్ల దగ్గర ఉండాలని మన అంచనా. రాడార్ మాత్రం 50 దగ్గర ఒక చుక్క, 110 దగ్గర ఒక చుక్క చూపించింది. దగ్గరి చుక్కను దగ్గరి బోటుకు ఇచ్చేద్దామంటే 50 దగ్గరి చుక్క రెండో బోటుకు పోతుంది, తేడా పది మీటర్లే కాబట్టి. అప్పుడు మొదటి బోటుకు మిగిలేది 110 మీటర్ల దూరంలోని చుక్క. ఒకదానికి అద్భుతంగా కుదిరింది, రెండోదానికి అసాధ్యమైన గెంతు. అలా కాకుండా మన అంచనాలు రెండూ యాభై మీటర్లు వెనకబడ్డాయనుకుంటే చుక్కలు రెండూ వరసగా సరిపోతాయి. దోషం 30 మీటర్లు అనుకుని సంభావ్యత లెక్క కడితే రెండో జత మొదటిదానికన్నా 55 రెట్లు నమ్మదగింది. కాబట్టి ఏ బోటుకాబోటు విడిగా చూసుకుంటే చాలదు, గుంపు మొత్తానికి ఏ జత బాగుందో కలిపి చూడాలి.

కలిపి చూడటం ఎంత భారమో గమనించండి. మూడు బోట్లు, మూడు చుక్కలు ఉండి, కొన్ని బోట్లు కనిపించకపోవచ్చు, కొన్ని చుక్కలు తప్పుడువి కావచ్చు అని ఒప్పుకుంటే జతపరిచే విధానాలు 34. పది బోట్లు, పది చుక్కలు అయితే అవి 23 కోట్ల 46 లక్షలు దాటుతాయి. అదీ ఒక్క తిప్పుకు. రెండున్నర సెకన్లలో మరో తిప్పు వస్తుంది, దాని లెక్క దీనితో గుణించుకోవాలి.

ఇన్నింటిలో అన్నిటికన్నా మంచి జతను వేగంగా పట్టుకునే దారి 1955లోనే దొరికింది. హెరాల్డ్ కూన్ దాన్ని ప్రకటిస్తూ, తనకు దారి చూపిన ఇద్దరు హంగరీ గణితజ్ఞుల గౌరవార్థం హంగేరియన్ పద్ధతి అని పేరు పెట్టాడు. కానీ అత్యుత్తమమైన ఒక్క జత దొరికితే సరిపోతుందా? మొదటి జతకు నూటికి 36 వంతులు, రెండోదానికి 34, మూడోదానికి 30 వంతులు అవకాశం ఉన్నప్పుడు మొదటిదాన్నే పట్టుకుని మిగతావి పారేయడం మొండితనం. రెండో మంచి జత ఏది, మూడోది ఏది, పదోది ఏది అని వరసగా కావాలి, అదీ 23 కోట్లూ తిరగేయకుండా.

ఈ పని చేసినవాడు కట్టా గోపాలకృష్ణమూర్తి. మద్రాసు విశ్వవిద్యాలయంలో, తర్వాత రావు పనిచేసిన కలకత్తా సంస్థలోనే గణాంకశాస్త్రం చదివి, అమెరికా వెళ్ళి బర్క్‌లీలో డాక్టరేటు చేసి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పాఠం చెప్పిన తెలుగువాడు. 1968లో ఆపరేషన్స్ రీసెర్చ్ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలోని ఉపాయం చెబితే ఇంతేనా అనిపిస్తుంది. ముందు అత్యుత్తమ జతను కనుక్కో. ఇక రెండోది తప్పకుండా దీనితో ఎక్కడో ఒకచోట విభేదించాలి. మొదటి బోటు దగ్గరే విభేదించేవన్నీ ఒక కుప్ప. మొదటి బోటు దగ్గర ఏకీభవించి రెండో బోటు దగ్గర విభేదించేవన్నీ ఇంకో కుప్ప. ఇలా పోతే కుప్పలు బోట్ల సంఖ్యను మించవు, ఒక్క అవకాశమూ రెండు కుప్పల్లో పడదు, ఏదీ జారిపోదు. ఒక్కో కుప్పలో అత్యుత్తమమైనదాన్ని హంగేరియన్ పద్ధతితో తీసి, వాటిలో మేలైనదాన్ని ఎంచుకుంటే అదే రెండో మంచి జత. దాని కుప్పను మళ్ళీ అలాగే చీలిస్తే మూడోది. అనుమానం ఉన్నవారు మూడు బోట్లతో కాగితం మీద చేసి చూడండి, పావుగంట పని.

మూర్తి ఆ వ్యాసం రాసింది రాడార్ల కోసం కాదు. పనులను మనుషులకు పంచే సాధారణ సమస్య ఆయనది. పదకొండేళ్ళ తర్వాత 1979లో డొనాల్డ్ రీడ్ అనే ఇంజనీరు ‘బహుళ ఊహల’ పద్ధతిని ప్రతిపాదించాడు. ఏ చుక్క ఎవరిదో ఇప్పుడే తేల్చవద్దు, నమ్మదగిన ఊహలన్నిటినీ కొన్ని తిప్పుల పాటు బతికించు, కొత్త చుక్కలు వచ్చేకొద్దీ వాటి బరువులు మారతాయి, అప్పుడు పాత సంగతి తేల్చు అన్నది దాని సారం. ఆలోచన గొప్పదే కానీ ఊహలు కుప్పతెప్పలుగా పెరిగి కంప్యూటర్లు మోయలేకపోయాయి. 1996లో ఇంగెమార్ కాక్స్, సునీతా హింగోరాణీ దాంట్లో మూర్తి ఉపాయాన్ని అమర్చాక, మంచి ఊహలను మాత్రమే వరసగా పుట్టించడం సాధ్యమైంది. నేటి ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో ‘మూర్తి అల్గోరిథం’ అనేది రోజువారీ మాట. మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఆయన పేరు కనిపించదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

గీతలు కలిసిపోవడం, తోసుకోవడం

తేల్చకుండా ఆగడానికి ఇంకో తోవ ఉంది. యాకొవ్ బార్-షాలోమ్ బృందం 1983లో చెప్పింది అది. ఊహలను విడివిడిగా మోసే బదులు, ప్రతి బోటుకూ అందుబాటులోని చుక్కలన్నిటి సగటు తీసుకోవడం. ఏ చుక్క ఆ బోటుది కావడానికి ఎంత అవకాశమో దానికి అంత బరువు. వేగంగా పనిచేస్తుంది, తప్పుడు చుక్కలకు బెదరదు. కానీ బోట్లు బాగా దగ్గరైతే దీనికి ఒక జబ్బు పట్టుకుంటుంది.

0 దగ్గరా 40 దగ్గరా రెండు చుక్కలు. మొదటి బోటుది 0 దగ్గరి చుక్క కావడానికి నూటికి 60 వంతుల అవకాశం, 40 దగ్గరిది కావడానికి 40 వంతులు. రెండో బోటుకు తిరగేసి. సగటు తీస్తే మొదటి బోటు 16 మీటర్ల దగ్గర, రెండోది 24 దగ్గర తేలతాయి. నలభై మీటర్ల ఎడం ఎనిమిదికి కుదించుకుపోయింది. అంత దగ్గరగా ఉన్నాయని నమ్మిన యంత్రానికి మరుసటి తిప్పులో ఏది ఎవరిదో ఇంకా తెలియదు, అవకాశాలు సగం సగం అవుతాయి, రెండు గీతలూ 20 మీటర్ల దగ్గర ఒకటైపోతాయి. అక్కడ బోటు లేనే లేదు! రెండు బోట్ల మధ్య ఖాళీ నీళ్ళ మీద యంత్రం రెండు గీతలు గీస్తోంది. నిపుణులు దీన్ని ట్రాకులు కలిసిపోవడం అంటారు. ఊహలను మోసే పద్ధతికి దీనికి ఎదురు జబ్బు ఉంది. అత్యుత్తమ జతను మాత్రమే పైకి చూపిస్తుంది కనుక ఎడమ చుక్క ఎప్పుడూ ఎడమ బోటుకూ, కుడి చుక్క కుడి బోటుకూ పోయి, గీతలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టు అసలుకన్నా ఎడం అవుతాయి.

ఏళ్ళ తరబడి దీన్ని పద్ధతిలోని లోపంగా చూసి మందు వేస్తూ వచ్చారు. 2000లో హెంక్ బ్లోమ్, ఎడ్విన్ బ్లూమ్ కొన్ని జతలను ముందే కత్తిరించి కలిసిపోవడాన్ని తగ్గించారు. అసలు మేలుకొలుపు మాత్రం తర్వాత వచ్చింది: మనం ఒకే శ్వాసలో రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. ‘బోట్లు ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి’ అనేది మొదటిది. ‘వాటిలో ఏది ఏది’ అనేది రెండోది. పై ఉదాహరణలో మొదటిదానికి జవాబు స్పష్టంగానే ఉంది. 0 దగ్గర ఒకటి, 40 దగ్గర ఒకటి. తెలియనిది రెండోది మాత్రమే. పేరు తెలియనితనాన్ని తీసుకెళ్ళి స్థానం మీద రుద్దడం వల్లే ఖాళీ నీళ్ళ మీద గీతలు పడ్డాయి. రొనాల్డ్ మాలర్ 2003లో పేర్లను పూర్తిగా వదిలేసి, సముద్రంలో ఏ భాగంలో ఎన్ని లక్ష్యాలు ఉండవచ్చో సాంద్రతగా లెక్కించే పద్ధతిని ఇచ్చాడు. లెన్నార్ట్ స్వెన్సన్ బృందం 2011లో సగటు పద్ధతినే పేర్ల పట్టింపు లేకుండా తిరగరాసింది. గీతలు కలిసిపోవడం తగ్గింది.

రేవులోకి ఓడను నడిపించే పైలట్‌కు కావలసింది మొదటి ప్రశ్నకు జవాబు. ముందున్న రెండు బోట్లలో ఏది ఎవరిదైతేనేం, ఢీకొట్టకుండా ఉండాలి. తీరరక్షక దళానికి కావలసింది రెండోది. 2008 నవంబరులో ముంబైపై దాడికి వచ్చినవారు ముంబై దగ్గరి దాకా ‘కుబేర్’ అనే మన చేపల పడవనే వాడుకున్నారు. రాడార్‌కు అది మరో చేపల పడవే. ఆ తర్వాత తీరం పొడవునా తొలి దశలో 46 చోట్ల రాడార్ కేంద్రాలు కట్టారు. అయినా, రెండు పడవలు ఒకే చుక్కగా కలిసి, మళ్ళీ రెండుగా విడిపోతే ఏది ఏదో స్థానాలు మాత్రమే చూసి చెప్పగల గణితం లేదు, ఉండబోదు. కొలతలో లేని సమాచారాన్ని ఏ పద్ధతీ పుట్టించలేదని రావు చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

నీటి కింద ఇది మరింత కష్టం. 1969 నుంచి విశాఖలో ఉన్న నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల, అంటే ఎన్‌ఎస్‌టీఎల్, టార్పిడోలు రూపొందించే సంస్థ. శత్రువుకు తెలియకుండా వినాలంటే జలాంతర్గామి తను శబ్దం చేయకూడదు, వచ్చిన శబ్దాన్ని వినాలంతే. అప్పుడు తెలిసేది దిక్కు మాత్రమే, దూరం కాదు. దగ్గరగా నెమ్మదిగా పోయే ఓడా, దూరంగా వేగంగా పోయే ఓడా ఒకే రకమైన దిక్కుల వరసను ఇవ్వగలవు. తేడా తెలియాలంటే వినేవాడే తన దారి మార్చుకోవాలి. ఆ సంస్థలో పనిచేసిన ఎస్. కోటేశ్వరరావు దిక్కుల ద్వారా మాత్రమే లక్ష్యాన్ని పట్టుకునే ఫిల్టర్ల మీద రాసిన వ్యాసాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. రెండు ఓడలు ఒకే దిక్కుకు వచ్చి కాసేపు ఒకే శబ్దంగా వినిపించి విడిపోయినప్పుడు, అవి ఒకదాన్నొకటి దాటుకుపోయాయా, దగ్గరకొచ్చి వెనుదిరిగాయా? తెర మీద రెంటికీ ఒకటే బొమ్మ. అక్కడ ఆదుకునేది ఇంజన్ల మోతలో తేడా. బార్-షాలోమ్ బృందపు 1983 వ్యాసం సోనార్ గురించే రాసింది కావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ చిక్కును ఆయుధంగా కూడా వాడతారు. ఎన్‌ఎస్‌టీఎల్, కొచ్చిలోని సోదర సంస్థతో కలిసి చేసిన ఒక రక్షణ వ్యవస్థ 2020లో నౌకాదళంలో చేరింది. మీదికి వస్తున్న టార్పిడోకు లేని ఓడ శబ్దాన్ని వినిపించి పక్కదారి పట్టించడం దాని పని. పేరు మారీచ్. ఆ పేరు ఎందుకో తెలుగు పాఠకుడికి వివరించనక్కరలేదు.

ఏ చుక్క ఏ పడవో తెలియాలంటే దాని పేరు బయటి నుంచి రావాలన్నది తేలిపోయింది. 300 టన్నులు, ఆపైన ఉండి విదేశాలకు తిరిగే ఓడలు తమ పేరు, స్థానం, వేగం రేడియోలో తామే ప్రకటించే ఏఐఎస్ పరికరాన్ని 2004 చివరినుంచి తప్పనిసరిగా పెట్టుకుంటున్నాయి. నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్లకోసారి, లంగరులో ఉంటే మూడు నిమిషాలకోసారి ప్రకటన వస్తుంది. చిన్న బోట్లే మిగిలాయి. ఇస్రో రూపొందించిన ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్లను లక్ష చేపల పడవలకు అమర్చే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. తుపాను హెచ్చరికలు, సరిహద్దు దాటుతున్నారన్న సంకేతాలు బోటుకు చేరడం, ఆపదలో ఉన్నప్పుడు బోటు నుంచి సమాచారం ఒడ్డుకు రావడం దాని ముఖ్య ప్రయోజనం. గుంపులో తన పేరు తాను చెప్పుకోవడం అదనపు మేలు. ప్రకటించుకున్న పేరు అబద్ధం కావచ్చు, పరికరం ఆపేసి ఉండవచ్చు. కాబట్టి దాన్ని రాడార్ చుక్కతో సరిచూసే పని మళ్ళీ గణితానిదే. అందులోనూ రావు చేయి ఉంది. ఆయనా, డేవిడ్ బ్లాక్‌వెల్ విడివిడిగా సాధించిన సిద్ధాంతం ఆధారంగా, ఏ చుక్క ఎవరిదన్న అనుమానాన్ని మాత్రం యాదృచ్ఛిక నమూనాలతో, మిగతా అంతా కచ్చితమైన లెక్కతో చేసే ఫిల్టర్లు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి.

ఇలాంటి వ్యవస్థలు కొనేవారికీ కట్టేవారికీ ఒక మాట. తెర మీద గీత పక్కన పేరు రాసేటప్పుడు ఆ పేరు మీద నమ్మకం ఎంతో కూడా రాయించండి. గుంపులోంచి బయటపడ్డ బోటు పక్కన పాత పేరే ధీమాగా కనిపిస్తే, చూసేవాడు దాన్ని నమ్మి నిర్ణయం తీసుకుంటాడు. ‘ఈ రెంటిలో ఒకటి’ అని చూపడం లోపం కాదు, కొలతకు కట్టుబడటం.

విశాఖలో, తెలుగునాట ఇతర చోట్లా గణాంకశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చెప్పే అధ్యాపకులకు ఇంకో విన్నపం. మూర్తి 1968 వ్యాసం ఆరు పేజీలే. రావు 1945 వ్యాసంలోని హద్దుకు రుజువు బోర్డు మీద ఒక గంటలో పూర్తవుతుంది. రెంటినీ ఒక సెమిస్టరులో పక్కపక్కన పెట్టి, రెండు బోట్ల ఉదాహరణతో విద్యార్థుల చేత లెక్క చేయించండి.